పెన్షనర్ల సంఘం సభ్యత్వాలు సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవాలంటే: కాజీపేట నుంచి కొన్ని సూచనలు

సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న రెండో నెలలో చందా గుర్తుచేసే మెసేజ్ అందరికీ ఒకేసారి పంపాం. సాయంత్రం డీజిల్ కాలనీ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. "బిడ్డా, మా ఆయన పోయి పదకొండు నెలలాయె. మీ సంఘమోళ్లే వచ్చి దండ ఏసిండ్రు. ఇయ్యాల ఆయన పేరు మీద చందా కట్టమని మెసేజ్ వచ్చింది" అన్నది. గొంతులో కోపం లేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆయన పోయిన సంగతి మాకు తెలియక కాదు. అప్పటి కార్యదర్శిగారి డైరీలో తేదీతో సహా రాసి ఉంది. నేను కంప్యూటర్‌లోకి ఎక్కించింది మాత్రం సభ్యత్వ రిజిస్టరు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండానే పని మొదలుపెట్టాను. కింద రాసినవన్నీ ఆ ఫోన్ తర్వాత ఒక్కొక్కటిగా నేర్చుకున్నవే.

నేను రైల్వేలో పర్సనల్ బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసు రిజిస్టర్లు, లీవు ఖాతాలు, సెటిల్‌మెంట్ కాగితాలు చూస్తూనే ఉద్యోగం గడిచింది. ఇప్పుడు కాజీపేటలో పెన్షనర్ల సంఘానికి సభ్యత్వాల పని చూస్తున్నాను. సభ్యులు ఆరు వందల పైచిలుకు. ఫాతిమానగర్, సోమిడి, మడికొండ, హన్మకొండల్లో ఎక్కువమంది. డోర్నకల్, మహబూబాబాద్ వైపు కొందరు. పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయినవాళ్లు ఇంకొందరు. మీది కాలనీ సంఘమైనా, ఉపాధ్యాయ సంఘమైనా, కుల సంఘమైనా ఇందులో చాలా సంగతులు పనికొస్తాయి. కానీ నాకు తెలిసింది పెన్షనర్ల సంగతి కాబట్టి ఆ ఉదాహరణలే చెబుతాను.

ముందు పుస్తకాలన్నీ ఒకచోటికి

ఏ సంఘంలోనైనా సభ్యుల వివరాలు ఒక్కచోట ఉండవు. మా దగ్గర చేరినప్పుడు రాసే రిజిస్టరు ఒకటి, చందా రసీదు పుస్తకాల అడుగుకాగితాలు ఒక బీరువా నిండా, కార్యదర్శి డైరీ, కోశాధికారి నోటుబుక్కు, ఇవి కాక వాట్సాప్ గ్రూపు. ఫోన్ నంబరు మారిన సంగతి గ్రూపుకు తెలుసు, రిజిస్టరుకు తెలియదు. చందా కట్టిన సంగతి రసీదు పుస్తకానికి తెలుసు, డైరీకి తెలియదు.

సాఫ్ట్‌వేర్ కొనే ముందు, అసలు చూడ్డం మొదలుపెట్టే ముందే, వీటన్నిటినీ ఒక ఎక్సెల్ షీటులోకి తెండి. ఒక్కో సభ్యుడికి ఒక్క వరుస. మేము పెట్టిన గడులు ఇవి: సభ్యత్వ సంఖ్య, పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఉన్న పేరు, అందరూ పిలిచే పేరు, పుట్టిన తేదీ, జీవిత భాగస్వామి పేరు, వారి పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఆ ఫోన్ ఎవరిది, చిరునామా, సభ్యత్వం రకం, చివరిసారి చందా కట్టిన తేదీ, పోయినవారైతే పోయిన తేదీ. చివరి గడి చాలా ముఖ్యం: ఈ సమాచారం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు సరిచూశారు.

"ఆ ఫోన్ ఎవరిది" అన్న గడి చూసి మా వాళ్లు మొదట ఎందుకమ్మా అన్నారు. మా సభ్యుల్లో చాలామంది ఇచ్చిన నంబరు కొడుకుదో, కోడలిదో, పక్కింటివాళ్లదో. ఆ సంగతి తెలియకుండా "మీ చందా బాకీ ఉంది" అని మెసేజ్ పెడితే, ఆ బాకీ సంగతి ఆ పెద్దాయనకు తప్ప అందరికీ తెలుస్తుంది. అది మర్యాద కాదు.

తర్వాత ఫోన్లు. ఐదుగురం పంచుకుని రోజుకు మొత్తం పదిమందికి చేశాం. రెండున్నర నెలలు పట్టింది. తొందరపడకండి. ఫోన్‌లో పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, ఓటీపీ ఎట్టి పరిస్థితుల్లోనూ అడగవద్దు. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ పేరు చెప్పి పెన్షనర్లను మోసం చేసే ఫోన్లు ఎన్ని వస్తున్నాయో మనకు తెలుసు. సంఘమే ఫోన్‌లో ఆ వివరాలు అడిగితే, రేపు మోసగాడు అడిగినా చెప్పేస్తారు. పీపీఓ నంబరు కావాలంటే నెలవారీ సమావేశానికి జిరాక్స్ తెమ్మని చెప్పండి, లేదా ఇంటికి వెళ్లి చూసి రాసుకోండి. నంబరు రాసుకున్నాక ఆ జిరాక్స్ వాళ్లకే ఇచ్చేయండి.

ఎక్సెల్ చేసే చిత్రాలు

షీటు తయారుచేసేటప్పుడే సగం తప్పులు దొర్లుతాయి. టైపు చేసినవాళ్లకు తెలియకుండానే దొర్లుతాయి.

పొడవైన నంబర్లు ముందు. పీపీఓ నంబరో ఖాతా నంబరో కొట్టగానే ఎక్సెల్ దాన్ని ఒక సంఖ్య అనుకుంటుంది. మొదట్లో సున్నా ఉంటే తీసేస్తుంది. పదిహేను అంకెలు దాటితే ఆ పైవాటిని సున్నాలుగా మార్చేస్తుంది. ఒకసారి అలా మారి సేవ్ అయితే అసలు నంబరు మళ్లీ రాదు. కాబట్టి టైపు మొదలుపెట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోండి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ గడి అక్షరాల రకమే ఉండాలి, అంకెల రకం కాదు.

తేదీలు ఇంకా ప్రమాదం. మనం 03/07/1946 అంటే జూలై మూడు. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్ దాన్ని మార్చి ఏడు అనుకుంటుంది. 23/07 లాంటివి మాత్రం దానికి తేదీలాగే కనిపించవు, అలాగే వదిలేస్తుంది. అందుకే ఒకే వరుసలో కొన్ని తేదీలు కుడివైపుకీ కొన్ని ఎడమవైపుకీ జరిగి కనిపిస్తే, అక్కడ ఏదో తేడా ఉన్నట్టు. సంవత్సరం ఎప్పుడూ నాలుగు అంకెలూ రాయండి. మా పెద్దవాళ్లలో ఒకరు పుట్టింది 1928లో. రిజిస్టరులో 28 అని ఉంది, నేనూ అలాగే కొట్టాను. నా ల్యాప్‌టాప్ దాన్ని 2028 చేసింది.

చివరగా, షీటును సాఫ్ట్‌వేర్‌లోకి పంపడానికి సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఉన్నదాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

ఏ సాఫ్ట్‌వేర్

సభ్యులు వంద లోపయితే మంచి ఎక్సెల్ షీటు చాలు, డబ్బు పెట్టకండి. అంతకు మించితే ఆలోచించవచ్చు. మేము వాడుతున్నది సివిసిఆర్ఎం (CiviCRM). ఓపెన్ సోర్స్, 2005 నుంచి ఉంది, వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా లాంటి వెబ్‌సైట్ వ్యవస్థల మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ సర్వరుకు ఏటా ఖర్చుంటుంది. పెట్టిచ్చే మనిషీ కావాలి. మాకు ఒక సభ్యుడి మనవరాలు పెట్టిచ్చింది. అలాంటివారు లేకపోతే నెలకింత అని కట్టే సర్వీసులే మేలు.

ఏది తీసుకున్నా మూడు సంగతులు అడగండి. మా సమాచారమంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చా? కార్యవర్గంలో ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇవ్వవచ్చా? సభ్యుడు చనిపోతే రికార్డు తీసేయకుండా, మెసేజ్‌లు మాత్రం ఆగిపోయేలా పెట్టవచ్చా? మూడింటిలో దేనికి "కాదు" అన్నా వద్దనే చెబుతాను. మొదటిదానికి కాదంటే మరీ వద్దు. ఎప్పుడైనా వదిలేయాలంటే ఆరు వందల మందికి మళ్లీ మొదటి నుంచీ ఫోన్లు చేసుకోవాలి.

పేర్లు, నంబర్లు, ఒకే మనిషి రెండుసార్లు

మన పేర్లతో ఈ సాఫ్ట్‌వేర్లకు కుదరదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సర్వీసు రికార్డుల్లో అది ఒక్క పొడి అక్షరమే. ఇక వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో పర్సనల్ బ్రాంచిలో పనిచేసినవాళ్లను అడగండి. ఒకరు "వి"తో, ఒకరు "డబ్ల్యు"తో, ఒకరు మధ్యలో "హెచ్" పెట్టి రాస్తారు. ఒకే పేరున్న నలుగురు ఒకే షెడ్డులో పనిచేసి రిటైరైన సందర్భాలు మాకున్నాయి.

కాబట్టి పేరును బట్టి మనిషిని గుర్తుపట్టే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించవద్దు. సభ్యత్వ సంఖ్యను బట్టి గుర్తుపట్టేలా పెట్టండి. సివిసిఆర్ఎంలో ఎక్స్‌టర్నల్ ఐడీ అని ఒక గడి ఉంది. ఒక నంబరు ఒక్కరికే ఉండేలా అది చూసుకుంటుంది. మా సభ్యత్వ సంఖ్య అందులో పెట్టాం. ఒకరు పోయినా, మానేసినా ఆ సంఖ్య ఇంకొకరికి ఇవ్వం.

డూప్లికేట్లు వెతికే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అది మొదట్లో సాధారణంగా ఈమెయిల్‌ను బట్టి వెతుకుతుంది. మన పెద్దవాళ్లకు ఈమెయిలే తక్కువ. ఉన్నా కొడుకుది ఇస్తారు. అన్నదమ్ములిద్దరూ రైల్వేలో చేసి రిటైరై, ఇద్దరూ ఒకే అబ్బాయి ఈమెయిల్ ఇస్తే, ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు రెండోవారు ఎక్కకుండా పోతారు, లేదా వారి వివరాలు మొదటివారి మీద పడతాయి. ఫోన్ నంబరును బట్టి వెతికినా అంతే. భార్యాభర్తలు ఒకే ఫోన్ వాడతారు. రెండు రికార్డులు ఒకటి చేసే బటన్ నొక్కే ముందు ఇద్దరి పుట్టిన తేదీలూ చూడండి, అవసరమైతే ఫోన్ చేసి అడగండి. డిలీట్ చేసింది చెత్తబుట్టలోంచి తెచ్చుకోవచ్చు. కలిపేసిన రెండు రికార్డులను విడదీయడం మాత్రం చాలా కష్టం.

మొత్తం షీటు ఒకేసారి ఎక్కించకండి. ముందు పది వరుసలు ఎక్కించి, పదిమందినీ తెర మీద ఒక్కొక్కరిగా తెరిచి, కాగితంతో పోల్చి చూడండి. ఏ గడిలోది ఎక్కడ పడిందో అప్పుడే తెలుస్తుంది.

సభ్యత్వం రకాలు

ఇది తొందరగా చెప్పేస్తాను. మాకు మూడు రకాలు: ఏడాది చందా, జీవిత సభ్యత్వం, ఫ్యామిలీ పెన్షనర్ (పెన్షనర్ పోయాక పెన్షన్ అందుకునే భార్య లేదా భర్త). ఏడాది చందా ఏప్రిల్ నుంచి మార్చి వరకు. దీన్ని స్థిరమైన కాలం అనే పద్ధతిలో పెట్టాలి. చేరిన రోజు నుంచి ఏడాది అని పెడితే ఆరు వందల మందికి ఆరు వందల గడువు తేదీలవుతాయి. జనవరి తర్వాత చేరినవారికి ఆ పై ఏడాది మార్చి దాకా ఇవ్వాలనుకుంటే దానికీ ఒక తేదీ పెట్టుకోవచ్చు. గడువు దాటాక వెంటనే "ముగిసింది" అని పడకుండా గ్రేస్ కాలం ఉంచండి. మేము మూడు నెలలు ఉంచాం. పెద్దవాళ్లు ఆస్పత్రిలో ఉండవచ్చు, పిల్లల దగ్గరికి వెళ్లి ఉండవచ్చు.

ఎవరైనా పోయినప్పుడు

అసలు చెప్పాలనుకున్నది ఇది. మా సంఘంలో ఏ నెలా ఈ కబురు లేకుండా గడవదు.

కబురు అందిన రోజే, సంతాపం మెసేజ్ గ్రూపులో పెట్టే ముందే, ఎవరో ఒకరు సాఫ్ట్‌వేర్ తెరిచి ఆ రికార్డులో "మరణించారు" అని గుర్తు పెట్టి తేదీ వేయాలి. సివిసిఆర్ఎంలో ఆ గుర్తు పెడితే సభ్యత్వం స్థితి కూడా దానికి తగ్గట్టు మారుతుంది, సామూహిక ఈమెయిల్స్ ఆగిపోతాయి. ఎస్ఎంఎస్, వాట్సాప్ జాబితాలు మీరు బయట పెట్టుకుని ఉంటే అవి మాత్రం వాటంతట అవి మారవు. అక్కడ కూడా తీయాలి. మా బీరువా తలుపు మీద ఈ వరుస రాసి అంటించాం: సాఫ్ట్‌వేర్, ఎస్ఎంఎస్ జాబితా, వాట్సాప్ జాబితా, పోస్టు చిరునామాల జాబితా.

రికార్డు డిలీట్ చేయకండి. ఆ రికార్డు ఇకమీద ఆయన భార్యకు కావాలి. ఆమెను భర్త రికార్డులో ఒక గడిగా కాకుండా మొదటి నుంచీ వేరే మనిషిగా ఎక్కించి, ఇద్దరి మధ్య భార్యాభర్తల సంబంధం కలిపి ఉంచాలి. అలా లేకపోతే ఆయన పోయిన రోజున సంఘానికి ఆమె ఎవరో తెలియకుండా పోతుంది. మా పాత రిజిస్టరులో జరిగింది అదే. ముప్పై ఏళ్లు చందా కట్టిన మనిషి భార్య పేరు ఎక్కడా లేదు.

ఆమె రికార్డులో నేను వెంటనే చూసేది ఒకటే: పుట్టిన తేదీ ఉందా? కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌లో 80 ఏళ్లు నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, 100కి నూటికి నూరు శాతం అదనపు పెన్షన్ ఉంది. ఇది ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా వర్తిస్తుంది, కానీ అప్పుడు లెక్క ఆమె వయసును బట్టి. పాత పీపీఓల్లో భార్య పుట్టిన తేదీ చాలాసార్లు ఉండదు. భర్త ఉండగానే ఆ తేదీ ఎక్కించుకుంటే పని సులువు. ఆయన పోయాక ఎనభై ఏళ్ల మనిషి వయసు రుజువు కోసం తిరగడం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను.

కబురు వచ్చాక పది, పదిహేను రోజులు ఆగి మనిషి వెళ్లాలి. ఆ వెళ్లడాన్ని కూడా ఆమె రికార్డులో ఒక పనిగా తేదీ వేసి, ఎవరు వెళ్లాలో పేరు పెడతాను. మరణ ధ్రువపత్రం, పీపీఓ, బ్యాంకు పుస్తకం దగ్గర ఉన్నాయా, ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు ఇచ్చారా అని చూసి వస్తారు. పీపీఓలో ఆమె పేరు ఉండి, ఇద్దరికీ ఉమ్మడి ఖాతా ఉంటే, కొత్త ఖాతా తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదన్న సంగతి కూడా చెబుతారు. సభ్యత్వం మాట ఆ రోజు ఎత్తరు. పెన్షన్ మొదలయ్యాక ఫ్యామిలీ పెన్షనర్‌గా చేరతారా అని అడుగుతాం.

డీజిల్ కాలనీ పెద్దావిడ ఇంటికి నేనే వెళ్లాను. ఆమె వయసు అప్పటికే 81. భర్త పీపీఓలో ఆమె పుట్టిన తేదీ లేదు. అదనపు పెన్షన్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎనభై జాబితా

అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్‌లో ఒక వెతుకులాట చేస్తాను. రాబోయే ఏడాదిలో 80 నిండేవారు ఎవరు? 2026-27కి అయితే 1946 ఏప్రిల్ 1 నుంచి 1947 మార్చి 31 మధ్య పుట్టినవారు. పుట్టిన తేదీ గడిలో ఈ రెండు తేదీలు ఇస్తే జాబితా వస్తుంది. అదే పద్ధతిలో 85, 90. పెన్షనర్లకు వేరుగా, ఫ్యామిలీ పెన్షనర్లకు వేరుగా. పుట్టినరోజు నెలలో ఏ తేదీన వచ్చినా అదనపు పెన్షన్ ఆ నెల ఒకటో తేదీ నుంచే రావాలి. కాబట్టి ఆ పై నెలలో వారికి ఫోన్ చేసి "పడిందా, పాస్‌బుక్కు చూపించండి" అని అడుగుతాం. పడకపోతే దరఖాస్తు రాసిస్తాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాల్సింది పీపీఓలో ఉన్న పుట్టిన తేదీ. ఆధార్‌లో ఇంకొకటి ఉండవచ్చు, ఇంట్లోవాళ్లు చెప్పేది మరొకటి కావచ్చు. బడిలో చేర్పించేటప్పుడు జూలై 1 అని వేయించిన తేదీలు మా జాబితాలో బోలెడు. పెన్షన్‌కు చెల్లేది సర్వీసు రికార్డు తేదీయే.

చందా డబ్బు

యూపీఐ వచ్చాక డబ్బు రావడం సులువైంది, ఎవరిదో తెలుసుకోవడం కష్టమైంది. బ్యాంకు స్టేట్‌మెంటులో మనవడి పేరుంటుంది, తాతగారి పేరుండదు. "బిడ్డా, పైసలు కట్టిన, రసీదు రాలే" అని సమావేశంలో పెద్దాయన అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి.

కట్టేటప్పుడు నోట్ గడిలో సభ్యత్వ సంఖ్య రాయమని ప్రతి రసీదు మీదా, ప్రతి మెసేజ్‌లోనూ చెప్పండి. మా దగ్గర సగం మంది రాస్తున్నారు. మిగతావారికి పన్నెండు అంకెల యూపీఐ లావాదేవీ నంబరే ఆధారం. ఎంట్రీ చేసేటప్పుడు ఆ నంబరును ట్రాన్సాక్షన్ ఐడీ గడిలో తప్పకుండా వేయండి. అదే నంబరుతో రెండో ఎంట్రీ వేస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. నేనూ కోశాధికారీ ఒకే డబ్బును చెరోసారి రాసే తప్పు దాంతో ఆగిపోయింది.

చెక్కు ఇస్తే "పెండింగ్"లో పెట్టండి. ఖాతాలో పడ్డాకే పూర్తయినట్టు మార్చండి. నగదుకు కాగితం రసీదు అక్కడికక్కడే రాసివ్వండి, ఆ రసీదు నంబరే సాఫ్ట్‌వేర్‌లో వేయండి. పెద్దవాళ్లకు చేతిలో కాగితం ఉంటేనే నిశ్చింత. అది తీసేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చందా, విరాళం ఒకే పద్దులో కలపవద్దు. విరాళమిచ్చినవారికి ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే 80జీ సంఘానికి ఉంటే అది విరాళాలకే, చందాకు కాదు. ఏడాది చివర ఆడిటర్ దగ్గర విడదీసుకోవాలంటే టెన్షన్.

మెసేజ్‌లు

తెలుగులో ఎస్ఎంఎస్ పంపేవారు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిషులో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. అవి కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు ఒకటి, వత్తు కోసం పెట్టే పొల్లు ఒకటి, అన్నీ వేరువేరుగా లెక్క. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం అక్కడ ఆరు. "గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం" అని మొదలుపెడితే 70లో దాదాపు ముప్పై అక్కడే అయిపోతాయి, మొత్తం సమాచారానికి మూడు ఎస్ఎంఎస్‌ల డబ్బు పడుతుంది. పంపేది చిన్నగా, తెలుగులోనే, తేదీ, చోటు, ఫోన్ నంబరు ఉండేలా రాయండి. సామూహిక ఎస్ఎంఎస్‌కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, టెలికాం కంపెనీల నమోదు వేదిక అయిన డీఎల్‌టీలో సంఘం పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది. సమావేశానికి రెండు రోజుల ముందు మొదలుపెడితే అందదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ వాడితే, మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. "నాకు రాలేదమ్మా" అన్నవారి ఇంటికి వెళ్లినప్పుడు వారి ఫోన్‌లో సంఘం నంబరు సేవ్ చేసి రండి.

సాఫ్ట్‌వేర్ దానంతట అది పంపే గుర్తుచేతలు, అంటే గడువుకు ముప్పై రోజుల ముందు వెళ్లేలాంటివి, పెట్టుకునే ముందు ఆ జాబితాలో ఎవరెవరున్నారో ఒకసారి పేరు పేరునా చదవండి. ఒకరు గట్టిగా చదవాలి, ఊరంతా తెలిసిన పెద్దాయన ఎవరైనా పక్కన కూర్చుని వినాలి. మా దగ్గర ఒక రిటైర్డ్ గార్డుగారు కూర్చుంటారు. "ఆగండమ్మా, ఈయన కొడుకు దగ్గరికి పుణె పోయిండు", "ఈమె ఆస్పత్రిలో ఉంది, ఇప్పుడు వద్దు" అని చెబుతారు. అరగంట పని. ఆ అరగంట తర్వాతే బటన్ నొక్కుతాం. ఈ గుర్తుచేతలు వెళ్లడానికి సర్వరులో వెనకాల ఒక పని రోజూ నడుస్తూ ఉండాలి. షెడ్యూల్డ్ జాబ్స్ పేజీలో చివరిసారి ఎప్పుడు నడిచిందో నెలకోసారి చూడండి. ఆగిపోతే మెసేజ్‌లు వెళ్లవు.

ఎవరికి ఏ తాళం

కార్యవర్గంలో అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడటం మానేయండి. కోశాధికారికి డబ్బు పేజీలు, ఏరియా బాధ్యులకు తమ ఏరియా పేర్లూ ఫోన్లూ, పీపీఓ నంబరు ఇద్దరికి మాత్రమే కనిపించాలి. ఎవరి లాగిన్ వారిదై, మార్పుల చరిత్ర రాసే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే, ఏది ఎవరు మార్చారో చరిత్రలో ఉంటుంది. తప్పు పట్టడానికి అని కాదు, పొరపాటు జరిగితే పాత వివరం ఏమిటో తెలుసుకోవడానికి. ఎన్నికలయ్యాక దిగిపోయినవారి లాగిన్ ఆ వారంలోనే ఆపేయండి. కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇచ్చే రోజే ఈ పనీ పెట్టుకుంటే మర్చిపోరు.

ఆధార్ నంబర్లు ఎక్కించవద్దు, సంఘానికి వాటితో పని లేదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, వాడని వివరం మన దగ్గర ఉండటం ఎప్పటికైనా ప్రమాదమే. సభ్యుల ఫోన్ల జాబితా కావాలని క్లినిక్కులవాళ్లూ, ప్లాట్లు అమ్మేవాళ్లూ అడుగుతుంటారు. ఎవరికీ ఇవ్వవద్దు.

బ్యాకప్ ప్రతి ఆదివారం. సర్వరులో ఒకటి ఉంటుంది కదా అని ఊరుకోకండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, సంఘం బీరువాలో ఉండాలి. ఆరు నెలలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి నలుగురైదుగురి వివరాలు సరిచూడండి. సర్వసభ్య సమావేశానికి ముందు మొత్తం జాబితా ప్రింటు తీసి బల్ల మీద పెడతాం. ఎవరి వరుస వారు చూసుకుని తప్పుంటే పెన్నుతో దిద్దుతారు. ఒక్క రోజులో నలభై యాభై దిద్దుబాట్లు దొరుకుతాయి. ఆ ప్రింటులో పీపీఓ, పుట్టిన తేదీ, బాకీ గడులు ఉండకూడదు. పేరు, సభ్యత్వ సంఖ్య, ఏరియా, ఫోన్‌లో చివరి నాలుగు అంకెలు చాలు.

నవంబరు

లైఫ్ సర్టిఫికెట్ నెల. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చే సౌకర్యమూ ఉంది. కానీ వేలిముద్రలు అరిగిపోయినవారికి, స్మార్ట్‌ఫోన్ లేనివారికి, మంచం పట్టినవారికి ఎవరో ఒకరు వెళ్లాలి. అందుకే మా సాఫ్ట్‌వేర్‌లో "ఇంటికి వెళ్లాలి" అని ఒక గడి అదనంగా పెట్టించాం. ఏడాది పొడవునా ఎవరు ఎవరిని చూసి వచ్చినా ఆ గడి సరిచూసి చెబుతారు. సెప్టెంబరు చివర దాన్ని బట్టి జాబితా తీసి, ఏరియాలుగా విడదీసి, ఫోన్ వాడకం బాగా తెలిసిన నలుగురికి పంచుతాను. వెళ్లి వచ్చిన రోజే సర్టిఫికెట్ అయిన తేదీ ఎక్కిస్తాం. నవంబరు 20న ఇంకా తేదీ పడనివారి పేర్లు తీస్తాను. పోయిన ఏడాది ఆ జాబితాలో తొమ్మిది పేర్లు మిగిలాయి. ఇద్దరు బెంగళూరులో పిల్లల దగ్గర ఇచ్చేశారు, చెప్పడం మర్చిపోయారు. మిగతా ఏడుగురి ఇళ్లకూ మా వాళ్లు 28 లోపు వెళ్లి వచ్చారు. అందులో ఒకరు డీజిల్ కాలనీ పెద్దావిడ. ఆమె ఫోన్ పాడైంది, అంతే. పీపీఓలో పుట్టిన తేదీ చేరింది, అదనపు పెన్షన్ పడుతోంది.